పాత గోల్ఫ్ క్లబ్బులకు విలువ కట్టడం: సమాధానం

తాతగారి పెట్టెలో దొరికిన కర్ర కాడల గోల్ఫ్ క్లబ్బులు (బంతిని కొట్టే కర్రలు) ఎంత పలుకుతాయని అడిగారు కదండీ. ముందు కాడకు అయస్కాంతం పెట్టండి. అతుక్కుంటే అది కర్ర కాదు, 1930లలో కర్రలా కనిపించేలా పూత వేసిన ఉక్కు. అతుక్కోకపోతే బహుశా హికరీ అనే గట్టి కలప. అలాగని లక్షలు ఊహించుకోకండి! హికరీవి ఫ్యాక్టరీల్లో కుప్పలుగా తయారయ్యాయి, మామూలువి చవకే.

ఇనుప తలలో బంతిని తాకే ముఖం మీద గీతలు, చుక్కలు లేకుండా నున్నగా ఉంటే 1900కు ముందుది కావచ్చు. పట్టర్లకు (బంతిని గుంటలోకి దొర్లించే క్లబ్బులకు) మాత్రం ఈ లెక్క పనికిరాదు. వెనక పొగాకు పైపు ముద్ర ఉందా? అది స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌కు చెందిన క్లబ్బుల తయారీదారు టామ్ స్టీవార్ట్ గుర్తు, పాత వస్తువులు సేకరించేవాళ్లు ఇష్టపడతారు.

తుప్పు ఉందని ఉప్పుకాగితం మాత్రం పట్టకండి, విలువ పడిపోతుంది. ఆన్‌లైన్ అమ్మకాల సైటు ఈబేలో అడిగే ధరలు వదిలేసి, అమ్ముడైనవాటి ధరలే చూడండి. ముద్రల ఫోటోలు పెడితే ఇంకా చెప్పగలను.