కచ్ భూకంపం: ఇళ్లు ఎందుకు కూలాయి, సాయం ఎక్కడ పనికొచ్చింది

2001 గుజరాత్ భూకంపంలో అంతమంది ఎందుకు చనిపోయారు, తర్వాత ఇచ్చిన సాయం నిజంగా పనికొచ్చిందా అని అడిగారు. ఇళ్లు తిరిగి కడుతున్న రోజుల్లో, కచ్ జిల్లాలోని భచావ్ చుట్టుపక్కల ఊళ్లలో సివిల్ ఇంజనీర్‌గా తనిఖీ పని చేశాను. నేను చూసింది చెప్తాను.

భారత భూఫలకం ఏటా కొన్ని సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతూ ఆసియాను నెడుతోంది. ఆ ఒత్తిడి కచ్ కింద ఉన్న కోట్ల ఏళ్ల నాటి పగుళ్ల మీద కూడా పడుతుంది. జనవరి 26 ఉదయం 8.46కి అలాంటి పగులొకటి లోలోపలే జారింది. తీవ్రత 7.7. అక్కడ 1819లోనూ 1956లోనూ భూకంపాలు వచ్చాయి. భూకంప ప్రమాదాన్ని బట్టి దేశాన్ని జోన్లుగా విడదీసిన అప్పటి మ్యాపులో అది ఐదో జోన్, అంటే అన్నిటికంటే ప్రమాదకరమైనది. ఇళ్లు ఎలా కట్టాలో చెప్పే కోడ్ 1960ల నుంచే ఉంది. 1993లో భూకంపం వచ్చిన మహారాష్ట్రలోని లాతూర్ వాళ్లకు ఆ పాటి హెచ్చరిక కూడా లేదు, అప్పటి మ్యాపులో వాళ్లది అతి తక్కువ ప్రమాదం ఉన్న జోన్. ఇక్కడ అన్నీ తెలిసి ఉండి కూడా గుజరాత్ మొత్తం మీద సుమారు 14 వేల నుంచి 20 వేల మంది పోయారు, లెక్కలు వేరువేరుగా ఉన్నాయి. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

పల్లెల్లో బురదతో పేర్చిన రాతి గోడలు బయటికి విచ్చుకుపోయి, కప్పు మనుషుల మీద పడింది. అంజార్‌లో రిపబ్లిక్ డే ఊరేగింపులో వెళ్తున్న బడిపిల్లల మీద ఇరుకు సందులో ఇళ్లు కూలాయి. రెండొందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లోనూ, కింద పార్కింగ్ కోసం గోడల్లేకుండా ఉత్త పిల్లర్ల మీద నిలబెట్టిన అపార్ట్‌మెంట్లు కొన్ని పడిపోయాయి. అదే కచ్‌లో భుంగాలనే గుండ్రటి మట్టి ఇళ్లు చాలావరకు నిలిచాయి. గోడకు మూలలుండవు, పైన తేలికైన గడ్డి కప్పు.

ఇక సాయం. మొదటి వారాల్లో దుప్పట్లు, బట్టలు లారీలకొద్దీ వచ్చాయి. నా దృష్టిలో అసలు మేలు చేసింది మాత్రం ఇల్లు కట్టుకోవడానికిచ్చే డబ్బును విడతలుగా ఇవ్వడం. ఎవరి ఇల్లు వాళ్లే కట్టుకోవాలి, ఇంజనీర్ చూసి సరే అంటేనే తర్వాతి విడత. దాంతో ఇంటివాళ్లే మేస్త్రీ పక్కన నిలబడి ప్రశ్నలు వేయడం మొదలుపెట్టారు.

ఒక పెద్దాయన ఇల్లు బాగా గుర్తుంది. లింటెల్ మట్టంలో, అంటే తలుపులు, కిటికీల పై అంచు ఎత్తులో, ఇంటి చుట్టూ కాంక్రీట్ బెల్ట్ పోయడానికి చువ్వలు కట్టారు. దూరం నుంచి అంతా బాగానే ఉంది. మూల దగ్గరికెళ్తే ఈ గోడ చువ్వ అక్కడికే ఆగింది, ఆ గోడ చువ్వ అక్కడి నుంచే మొదలైంది. అలాగే పోస్తే రెండు గోడలూ మూల దగ్గరే విడిపోతాయి. చువ్వను మూల తిప్పి పక్క గోడలోకి వంచి కట్టాలని, అప్పటిదాకా విడత రాదని చెప్పాను. మేస్త్రీకి కోపం వచ్చింది. పెద్దాయన మాత్రం ఆ మూలనే చూస్తూ, “బేటా, మా పాత ఇల్లు ఇక్కడే విడిపోయింది” అన్నారు. ఆయన కొడుకు, కోడలు ఆ గోడ కిందే పోయారు. ఆ సాయంత్రమే చువ్వలు విప్పి మళ్లీ కట్టించారు. ఆ తర్వాత పక్కింటి పునాది దగ్గర కూడా ఆయనే నిలబడి మూలలు చూపిస్తూ కనిపించారు.

అయితే సొంత స్థలం, ఇల్లు ఉన్నవాళ్లకే ఈ పద్ధతి చక్కగా పనిచేసింది. భుజ్ పాత ఊళ్లో అద్దెకున్నవాళ్ల గతి వేరు. ఇల్లు వాళ్లది కాదు కాబట్టి కట్టుకునే హక్కూ లేదు, చాలామంది ఏళ్ల తరబడి తాత్కాలిక షెడ్లలోనే గడిపారు. ఎక్కడ భూకంపం వచ్చినా సాయం లెక్కలు వేసేవాళ్లు అద్దెవాళ్ల పేర్లు మొదటి రోజే రాసుకోవాలని నేను గట్టిగా అనేది అందుకే.