నీల్ ద్వీపంలో పిల్లలతో సైకిల్ యాత్ర

ప్రశ్న: డిసెంబరులో పదేళ్లు, ఆరేళ్లు వయసున్న మా పిల్లలతో అండమాన్‌లోని నీల్ ద్వీపానికి వెళుతున్నాము. అక్కడ సైకిళ్లపై తిరగడం సాధ్యమేనా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: నిస్సంకోచంగా తిరగవచ్చు. 2018లో షహీద్ ద్వీప్‌గా పేరు మారిన ఈ దీవిలో, సూర్యోదయానికి పేరొందిన సీతాపూర్ తీరం నుంచి సూర్యాస్తమయానికి పేరొందిన లక్ష్మణ్‌పూర్ తీరం వరకు, పొలాల మీదుగా సాగే దారి పట్టుమని పది కిలోమీటర్లయినా ఉండదు. ఆరేళ్ల బిడ్డను వెనుక సీటుపై కూర్చోబెట్టుకోవడమే మేలు. అద్దె సైకిల్ తీసుకునే ముందు రెండు బ్రేకులూ నొక్కి చూడండి. దీవిలోని సహజ శిలా తోరణాన్ని సముద్రం ఆటులో, అంటే నీరు వెనక్కి తగ్గి ఉన్నప్పుడే చూడాలి. పగడపు రాళ్లు అరికాళ్లను కోస్తాయి గనుక రబ్బరు బూట్లు తప్పనిసరి. అన్నట్టు, అక్కడ శీతకాలంలో ఐదింటికే పొద్దు గుంకుతుంది, టార్చిలైటు మరువకండి.