అంగిలి క్యాన్సర్ ఎముకకు పాకింది... ఆపరేషన్ చేయించవచ్చా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా అమ్మకు 58 ఏళ్లు. ఏళ్ల తరబడి అడ్డచుట్ట (నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని) కాల్చింది. అంగిలి మీద పుండు మానకపోతే బయాప్సీ చేయించాం, క్యాన్సర్ అని తేలింది. పై దవడ ఎముకకు పాకిందని, మెడలో గడ్డ ఉందని, నాలుగో దశ అని చెప్పారు. ఊపిరితిత్తుల్లో ఏమీ లేదట. కత్తి పడితే ఇంకా పాకుతుందని బంధువులు ఆపరేషన్ వద్దంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఆపరేషన్ సాధ్యమని సర్జన్ చెబితే వెంటనే చేయించండి. కత్తి వల్ల క్యాన్సర్ పాకదు, ఆలస్యం వల్ల పాకుతుంది. నోటి క్యాన్సర్‌లో పక్క ఎముకలోకి చొచ్చుకుపోయినా నాలుగో దశ అనే అంటారు. దూరపు అవయవాలకు చేరలేదు కనుక పూర్తిగా నయం చేయాలన్న లక్ష్యంతోనే చికిత్స మొదలుపెట్టవచ్చు.

పై దవడలో వ్యాధి ఉన్న భాగాన్ని, మెడలోని గ్రంథులను తీసేస్తారు. అంగిలిలో ఏర్పడే ఖాళీ గురించి చాలామంది భయపడతారు. దాన్ని మూసేందుకు కట్టుడు పళ్ల సెట్టులా ఒక పలక తయారు చేసి అమరుస్తారు, లేదా శరీరంలో మరోచోటి కండతో పూడుస్తారు. పలక సరిగ్గా కుదిరితే గంజి తాగినా ముక్కులోంచి రాదు, మాట కూడా అర్థమవుతుంది. అది కుదిరే వరకు ఒకటికి రెండుసార్లు సరిచేయించుకోవాలి, విసుగు పడకండి.

గాయం మానాక, ఆపరేషన్ అయిన ఆరు వారాల లోపే రేడియేషన్ మొదలుకావాలి. వారానికి ఐదు రోజుల చొప్పున సుమారు ఆరు వారాలు ఇస్తారు. తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ కణాలు కనిపించినా, మెడ గ్రంథి పొరను దాటి క్యాన్సర్ బయటికి వచ్చినా సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కూడా కలుపుతారు. అందుకు ముందుగా కిడ్నీలు, వినికిడి పరీక్షించాలి. పాడైన పళ్లుంటే రేడియేషన్‌కు ముందే తీయించండి. తర్వాత తీయిస్తే దవడ ఎముక కుళ్లే ప్రమాదం ఉంది.

ఒకవేళ తీయలేమంటే కీమోతో గడ్డను తగ్గించి మళ్లీ చూస్తారు, లేదా కీమో, రేడియేషన్ కలిపి ఇస్తారు.

మీకు విశాఖపట్నం అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి అందుబాటులో ఉంటుంది. దాన్ని ముంబయిలోని టాటా మెమోరియల్ సెంటర్ నడుపుతుంది. ఆయుష్మాన్ కార్డు ఉంటే అక్కడ చెల్లుతుందో లేదో బయలుదేరే ముందే అడగండి. బయాప్సీ స్లైడ్లు, స్కాన్ సీడీ వెంట తీసుకెళ్లండి.

చుట్ట మాత్రం ఈ రోజే మానిపించండి. కాలుస్తూ ఉంటే రేడియేషన్ ప్రభావం తగ్గుతుంది. నిప్పు లోపలికి పెట్టి కాల్చే ఆడవాళ్లు మీ ఇంట్లో, వీధిలో ఇంకా ఉంటే వాళ్ల అంగిలి కూడా ఒకసారి డాక్టరుకు చూపించండి.