పెస్టర్ అంటే తెలియకపోతే ఉద్యోగం రాదా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ వరకు తెలుగు మీడియమే. ఇప్పుడు బ్యాంకు పరీక్షలకు చదువుతోంది. మొన్న నమూనా పరీక్షలో ‘పెస్టర్’ అంటే చీడ పట్టించడం అనుకుని తప్పు రాసింది. రోజూ రాత్రి కొత్త మాటలు అప్పజెప్పించుకుంటున్నా భయం పోలేదు. ధాతువుల ద్వారా ఇంగ్లిష్ నేర్పే కోర్సు మేలా, పదాల పుస్తకం మేలా?
– ఒక తండ్రి

జవాబు: తెలుగు మీడియంలో చదివించి బిడ్డకు అన్యాయం చేశానేమోనన్నది మీ అసలు బెంగ. చేయలేదు. అలా చదివి బ్యాంకుల్లో స్థిరపడిన పిల్లలను నేను చాలామందిని చూశాను.

ధాతువుల కోర్సుల మీద నాకు నమ్మకం తక్కువ. మీ అమ్మాయి తప్పే చూడండి. పెస్ట్ అంటే చీడ కదా, పెస్టర్ కూడా అందులోంచే పుట్టిందనుకుంది. ఆ రెండింటి పుట్టుక వేరు. పెస్ట్‌కు మూలం మహమ్మారిని చెప్పే లాటిన్ మాట ‘పెస్టిస్’. పెస్టర్ మాత్రం 16వ శతాబ్దంలో ఫ్రెంచి నుంచి వచ్చింది. మేతకు వదిలిన గుర్రం దూరం పోకుండా కాళ్లకు బందం వేస్తారే, ఈ మాట మూలం అక్కడుంది. అందుకే మొదట్లో దానికి చిక్కుల్లో పెట్టడం, అడ్డుపడటం అనే అర్థాలుండేవి. పెస్ట్‌తో పోలిక కుదిరి, తర్వాత విసిగించడం అనే అర్థం స్థిరపడింది. పైకి కనిపించే ధాతువును నమ్ముకుంటే ఇలాగే దారి తప్పుతాం.

వాడుక తెలిస్తే చాలు. పక్క వీధి మైకు హోరు మనల్ని అనాయ్ చేస్తుంది, అంటే చికాకు పెడుతుంది, కానీ మనల్ని ఏమీ అడగదు. ఫోను కొనమని పిల్లవాడు పొద్దున లేవగానే, అన్నం దగ్గర, పడుకోబోతూ అడుగుతుంటే అది పెస్టర్. మనం సతాయించడం అంటామే, అదే. అడిగే వస్తువుకు ముందు ‘ఫర్’, చేయించాలనుకునే పనికి ముందు ‘టు’, ప్రశ్నలతో విసిగిస్తే ‘విత్’ వాడాలి. ఖాళీలు పూరించే ప్రశ్నల్లో పనికొచ్చేది ఇదే.

ఇక మీ సంగతి. డిగ్రీ పూర్తయిన పిల్లను రోజూ నిలబెట్టి అప్పజెప్పించుకోవడం ఏమిటండీ? ఆ భయం పదాల వల్ల వచ్చింది కాదు, మీ వల్ల వచ్చింది. ఈ రాత్రి నుంచే మానేయండి.

పదాల పుస్తకం ఒకటి ఇంట్లో ఉంటే ఉండనివ్వండి. కోర్సుకు కట్టాలనుకున్న డబ్బుతో ఇంగ్లిష్ దినపత్రిక వేయించండి. రోజూ ఒక సంపాదకీయం చదివి, నాలుగు కొత్త మాటలు ఏరి, ఒక్కోదానితో సొంత వాక్యం రాసుకోమనండి. ఆ నోటుపుస్తకం తనంతట తాను చూపిస్తేనే చూడండి.