మేస్త్రి గారి జవాబు: తాతయ్య పికప్, నాన్న తొందర

ప్రశ్న: మేస్త్రి గారూ, నమస్కారం. మాది గుణుపూర్. మా తాతయ్య 2003లో కొన్న మహీంద్రా పికప్ 2016 నుంచి ఇంటి వెనక షెడ్డులోనే ఉంది. ఓఆర్-18 నంబరు, పసుపు బోర్డు. సిమెంటు, ఎరువు బస్తాలు, సంత రోజుల్లో చింతపండు మోసిన బండి. తాతయ్య పోయారు, ఆర్‌సీ ఇంకా ఆయన పేరునే ఉంది. నేను మెకానికల్ డిప్లొమా చదువుతున్నాను. ఈ సెలవుల్లో నాన్న, నేను కలిసి దాన్ని బాగుచేద్దామని మొదలుపెట్టాం. ముందు ఇంజిన్ లేపుదాం, ట్రాక్టర్‌తో లాగిస్తే అదే లేస్తుంది అని నాన్న అంటారు. మొత్తం విప్పి, తుప్పు గీకి, ఒక్కొక్కటే చేసుకుంటూ రావాలని నేనంటాను. రోజూ ఇదే గొడవ. పదిహేనేళ్లు దాటిన బండి ఎలాగూ తుక్కుకే కదా అని అమ్మ ఇంకో టెన్షన్ పెడుతోంది. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, గుణుపూర్, రాయగడ జిల్లా

జవాబు: వరసలో మీ నాన్నగారిదే రైటు తల్లీ, పద్ధతిలో మాత్రం ఆయనది తప్పు. ఇంజిన్ సంగతి తేలకుండా బాడీ మీద డబ్బు పెట్టకూడదు. పైగా మొత్తం విప్పేసిన బళ్లు ఎన్ని తిరిగి బిగింపుకి నోచుకోలేదో రాయగడలో నా షెడ్డు వెనక చూసినవాళ్లకి తెలుసు. విప్పడం సరదాగానే ఉంటుంది. బిగించే రోజు వచ్చేసరికి ఏ బోల్టు ఎక్కడిదో గుర్తుండదు, సెలవులూ అయిపోతాయి.

కానీ ట్రాక్టర్ మాట ఇక ఎత్తవద్దని నాన్నగారికి చెప్పు. ఇన్నేళ్లు నిలబడ్డ ఇంజిన్‌లో, పిస్టన్ ఆడే లైనర్ గోడల మీద ఆయిల్ చుక్క ఉండదు. పిస్టన్ రింగులు తుప్పుతో అంటుకుని ఉంటాయి. గేరులో వేసి లాగించి క్లచ్ వదిలితే ఇంజిన్ లేవవచ్చు, రింగు విరిగి లైనర్ గీసుకుపోనూవచ్చు. అప్పుడు హాఫ్ ఇంజిన్ పనితో, అంటే సగం రిపేరుతో పోయేది ఫుల్ ఇంజిన్ దాకా వస్తుంది.

ఇలా చెయ్యి. బ్యాటరీ పెట్టకముందే ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాలుగు నాజిళ్లూ విప్పు. ఆ రంధ్రాల్లో తలా కొంచెం ఇంజిన్ ఆయిల్ పోసి, గుడ్డ కప్పి రాత్రంతా వదిలెయ్యి. మర్నాడు ఇంజిన్ ముందుండే క్రాంక్ పుల్లీ నట్టుకి రింగ్ పానా వేసి చేత్తో నెమ్మదిగా తిప్పు. బిగుసుకుంటే బలం పెట్టకు, ఇంకాస్త ఆయిల్ పోసి మళ్లీ ఆగు. పూర్తిగా రెండు చుట్లు ఎక్కడా పట్టకుండా తిరిగిందంటే మీ తాతయ్య బండిని బాగానే చూసుకున్నారన్నమాట. నాజిళ్లని ఈలోగా విజయనగరంలోనో పార్వతీపురంలోనో పంపు, నాజిల్ షాపులో ఇచ్చి చెక్ చేయించండి. తిరిగి బిగించేటప్పుడు ఒకటి చూసుకో: నాజిల్ కింద రాగి వాషరు ఉంటుంది. పాతది చాలాసార్లు నాజిల్‌తో రాదు, రంధ్రం అడుగునే కరుచుకుని ఉంటుంది. టార్చి వేసి చూడకుండా దాని మీదే కొత్తది పెట్టేస్తారు. కంప్రెషన్ అక్కడే లీకై, తప్పంతా రింగుల మీదికి పోతుంది.

ట్యాంకులో పాత డీజిల్ ఒక్క లీటరు కూడా ఉంచొద్దు. అడుగున నీళ్లు, జిగురు చేరి ఉంటాయి. ట్యాంకు దించి కడగండి. దానికి చిల్లు ఉంటే ఖాళీదే కదా అని వెల్డింగ్ పెట్టించొద్దు, లోపలి ఆవిరి చాలు పేలడానికి. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు మార్చండి. వైరింగ్ ఎలకలు కొరికిందేమో వెతకండి, షెడ్డు బళ్లలో అది మామూలే. తర్వాత ఎయిర్ తియ్యాలి, అంటే డీజిల్ పైపుల్లో చేరిన గాలి. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ, బుడగలు ఆగి డీజిల్ నిండుగా వచ్చాక బిగించు.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు తాళం నాన్నగారి చేతికివ్వు. ఎయిర్ క్లీనర్ గొట్టం ఊడదీసి, ఆ నోటిని పూర్తిగా మూసే మందపాటి చెక్క పట్టుకుని నువ్వు పక్కన నిలబడు. డీజిల్ పంపు లోపల, ఎంత డీజిల్ పోవాలో చూసే రాక్ పట్టేసి ఉంటే ఇంజిన్ లేస్తూనే రేసు అందుకుంటుంది, తాళం తిప్పినా ఆగదు. గాలి ఆపితేనే ఆగుతుంది. అరచేత్తో మాత్రం మూయకు.

లేచిందా, సంతోషం. ఆ రోజుకి కట్టేసి, మిఠాయి తిని పడుకోండి. వీధిలో ఒక రౌండు వేద్దామని నాన్నగారికి తప్పకుండా అనిపిస్తుంది. ఒప్పుకోకు, బ్రేకులు లేని బండి అది. వీల్ సిలిండర్లు పట్టేసి ఉంటాయి, రబ్బరు కప్పులు గట్టిపడి ఉంటాయి, హోస్ పైపులు పైకి బాగున్నా లోపల మూసుకుపోతాయి. అన్నీ కొత్తవే వేయండి. కప్పులని డీజిల్‌తోనో పెట్రోల్‌తోనో కడగొద్దు, ఉబ్బిపోతాయి. టైర్లకి గాళ్లు ఎంత మిగిలి ఉన్నా నమ్మొద్దు. పక్కగోడ మీద డాట్ అనే అక్షరాల వరస చివర నాలుగంకెలు ఉంటాయి. 2314 అని ఉంటే 2014లో 23వ వారం తయారైందని లెక్క. అలాంటివి పీకేసి కొత్తవి వేయండి.

ఇప్పుడు నీ తుప్పు సంగతి. ఎరువు మోసిన బండి అన్నావు, అదే నాకు భయం. ఎరువు పొడి తేమ పట్టి ఇనుముని తినేస్తుంది. ఛాసిస్‌ని చిన్న సుత్తితో వరసగా కొడుతూ వెళ్లు, ముఖ్యంగా కమాన్ కట్టల (స్ప్రింగు పట్టీల) బ్రాకెట్ల దగ్గర. ఖంగుమంటే మంచిది. డబ్ డబ్‌మని మొద్దుగా పలికితే అక్కడ లోపల పొరలు లేచిపోయాయి. ఆ చోట మంచి వెల్డరుకి చూపించాలి, పుట్టీ పూసి రంగేసి మురిసిపోయే చోటు కాదది. గ్రైండర్ పట్టేముందు ఛాసిస్ నంబరు ఎక్కడ పంచ్ చేసి ఉందో వెతికి టేపు వేసెయ్యి. ఇన్‌స్పెక్షన్‌లో దాని మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీస్తారు. తుప్పుతో పాటు అది కూడా గీకేస్తే బండి ఎవరిదో రుజువు చేసుకోవడానికి మీరే తిరగాలి. పెయింటు వానలు తగ్గాక. ముసురులో కొడితే తేమకి రంగు తెల్లబడుతుంది. అంతకుమించి పెయింటు గురించి నన్నడక్కు, నాకు దాని మీద పెద్ద గౌరవం లేదు.

మీ అమ్మగారి భయానికి వద్దాం. డీజిల్‌కి పదేళ్లు, పెట్రోల్‌కి పదిహేనేళ్లు అనే గడువు ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతానిది. పదిహేనేళ్లు దాటగానే తుక్కుకి పోతున్నవి ప్రభుత్వ వాహనాలు, 2023 ఏప్రిల్ నుంచి. మీ బండికి వయసు ఒక్కటే అడ్డం కాదు, ఫిట్‌నెస్ పాసవ్వాలి. సరుకు బండికి ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ ఉండాలి. అది లేని బండికి చట్టం దృష్టిలో రిజిస్ట్రేషన్ ఉన్నా లేనట్టే.

అందుకే నట్టు మీద పానా పెట్టకముందే నాన్నగారిని రాయగడ ఆర్టీఓ ఆఫీసుకి పంపు. తాతయ్య పేరు నుంచి మార్చడానికి ఫారం 31, దానితో మరణ ధ్రువపత్రం, వారసుల పత్రం కావాలి. ఇంకో మాట అడిగి రమ్మను: 2016లో బండి నిలబెట్టినప్పుడు తాతయ్య ఆఫ్-రోడ్ అని, అంటే బండి రోడ్డు మీద తిప్పడం లేదని రాసిచ్చారా? ఒడిశాలో ముందుగా అలా తెలియజేస్తేనే పన్ను ఆగుతుంది. ఇవ్వకపోతే షెడ్డులో ఉన్న బండికీ బకాయి, దాని మీద పెనాల్టీ పెరుగుతూనే ఉంటాయి. ఒక్కోసారి ఆ మొత్తం బండి విలువని మించుతుంది. ఆ అంకె చూశాకే ఖర్చు సంగతి ఆలోచించండి. సరుకు తిప్పి సంపాదించాలనుకుంటే నడుస్తున్న సెకండ్ హ్యాండ్ బండి కొనుక్కోవడమే లాభం, ఆ మాట మొహమాటం లేకుండా చెబుతున్నాను. మీరిద్దరూ ఇష్టపడి చేసుకుంటున్న పని అయితే ఆ లాభనష్టాల లెక్క వేయకండి.

ప్రశ్న: మా వాడికి పదమూడేళ్లు. పాత జీపు పని చేస్తుంటే నా వెంటే ఉంటాడు. ఏ పనులు అప్పగించవచ్చు?
– ఒక తండ్రి, పర్లాకిమిడి

జవాబు: విప్పిన నట్లు, బోల్టులు డబ్బాల్లో వేసి పేర్లు రాయడం, విప్పేముందు ఫోన్‌లో ఫొటోలు తియ్యడం, పానాలు సైజు వారీగా అందించడం, గ్రీజు పెట్టడం. మీకంటే బాగా చేస్తాడు. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి కిందికి వాడినీ పంపొద్దు, మీరూ దూరొద్దు. స్టాండ్లు పెట్టండి, లేదా గట్టి దుంగలు. ఇటుకలు చాలవు, పగులుతాయి. పాత బ్రేక్ షూల పొడిని గాలితో ఊదించొద్దు, అందులో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడవండి.

జీపు సిద్ధమయ్యాక రోడ్డెక్కిస్తానని వాడు అడుగుతాడు. మైనరు బండి నడిపి దొరికితే మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ ప్రకారం తండ్రికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దవుతుంది, కుర్రాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు.