ఫిట్టర్ ట్రేడు పిల్లలకు గురి ఎలా పెట్టాలి: కొత్త ఇన్‌స్ట్రక్టరుకు ఒక ఉత్తరం

అమ్మాయీ,

నీకు ఐటీఐలో ఫిట్టర్ ఇన్‌స్ట్రక్టరుగా పోస్టింగ్ వచ్చిందని తెలిసి ఎంతో సంతోషించాను. నా దగ్గర ట్రేడు నేర్చుకున్నావు, ఇన్‌స్ట్రక్టర్ల శిక్షణ కోర్సు సీఐటీఎస్ కూడా పూర్తి చేశావు, ఇప్పుడు నువ్వే నేర్పబోతున్నావు. పిల్లలకు లక్ష్యాలు ఎలా పెట్టాలో చెప్పమని రాశావు. సిలబస్‌లో అన్నీ ఉన్నాయి కదా, వేరే ఏం పెట్టాలి అని కూడా అడిగావు.

సిలబస్ చెప్పేది చివరికి ఎక్కడికి చేరాలో. మార్కింగ్, హాక్సా కోత, చిప్పింగ్ (ఉలితో చెక్కడం), డ్రిల్లింగ్, ట్యాపింగ్ (రంధ్రంలో మరలు తీయడం) లాంటి మొదటి పనులకు ప్లస్ ఆర్ మైనస్ 0.25 మిల్లీమీటర్ల ఖచ్చితత్వం అడుగుతుంది. ఒకదాంట్లో ఒకటి కూర్చునే ఫిట్టింగు జాబులకు, అంటే షాపులో చేసే ముక్కలకు, వచ్చేసరికి అది 0.04కు దిగుతుంది. నిన్నటిదాకా బడి బెంచీ మీద కూర్చుని వచ్చిన పదహారేళ్ల పిల్లవాడికి ఈ అంకెలు చెబితే ఏం అర్థమవుతుంది? వాడికింకా ఆకురాయి, అంటే ఫైలు, పట్టుకోవడమే రాదు. ఇవాళ్టి వాడి చేతికీ ఆ 0.04కూ మధ్య ఏమేం రావాలో, ఏది ముందో ఏది వెనకో తేల్చాల్సింది నువ్వే. ఆ పని ఏ పుస్తకమూ చేసిపెట్టదు, ఎందుకంటే ఒక్కో పిల్లవాడు ఒక్కోచోట ఉంటాడు.

నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. పిల్లవాడు తనంతట తాను కొలిచి, చేరానో లేదో తెలుసుకోగలిగిన లక్ష్యమే వాడిని ముందుకు నడిపిస్తుంది. 'బాగా చెయ్యి', 'శ్రద్ధ పెట్టు' అంటే ఎంత బాగా చెయ్యాలో వాడికెలా తెలుస్తుంది? ప్రతిసారీ జాబు పట్టుకుని నీ టేబుల్ దగ్గరికొచ్చి నీ మొహం చూస్తాడు. రెండేళ్లూ అలాగే గడిస్తే, ఫ్యాక్టరీలో మొదటి రోజు ఎవరి మొహం చూడాలి?

అందుకని మొదటి లక్ష్యం కొలవడమే అయి ఉండాలి. ముందు స్టీల్ రూలు, తర్వాత దవడల మధ్య ముక్కను పట్టి సన్నగా కొలిచే వెర్నియర్. పదో తరగతి లెక్కల్లో మంచి మార్కులు వచ్చినవాళ్లలో కూడా 0.5 పెద్దదా 0.05 పెద్దదా అంటే తడబడేవాళ్లు ఉంటారు. వాళ్లను అందరి ముందూ నిలబెట్టకు. మెయిన్ స్కేలు మీద 49 మిల్లీమీటర్లను వెర్నియర్ మీద 50 భాగాలు చేశారు, అందుకే ఒక్కో గీతకు 0.02 తేడా వస్తుంది అని బోర్డు మీద పెద్దగా గీసి చూపించు. ఆ తర్వాత ఒకే ముక్కను అందరి చేతికీ ఇచ్చి, ఎవరి కొలత వాళ్లు చీటీ మీద రాసి మడిచి ఇవ్వమను. చీటీలన్నీ విప్పి చూడు. మొదట్లో అర మిల్లీమీటరు దాకా తేడాలుంటాయి. బ్యాచ్ మొత్తం కొలతలు 0.04 లోపు కలిసిన రోజు ఈ లక్ష్యం చేరినట్టు. అప్పటిదాకా సైజు గురించి మాట్లాడినా ఉపయోగం లేదు.

ఇంకో విషయం, లక్ష్యం పెట్టే ముందు పిల్లవాడిని వైస్ (ముక్కను బిగించి పట్టే పరికరం) దగ్గర నిలబెట్టి చూడు. వైస్ దవడల పైభాగం మోచేతి ఎత్తున ఉండాలి. ఈ వయసులో పిల్లలు ఒకే ఎత్తులో ఉండరు, ఏడాదిలో మారిపోతారు కూడా. పొట్టివాళ్లకు కాళ్ల కింద చెక్క పీట వేయించు. భుజం ఎత్తి ఫైలు రుద్దుతున్న పిల్లవాడికి ఏ గురి పెట్టినా భుజం నొప్పి తప్ప ఏమీ రాదు.

ఇక జాబు. ఒక ముక్కకు ఒకే గురి పెట్టు. మొదటి ఎంఎస్ ఫ్లాటుకు (మైల్డ్ స్టీల్ పట్టీ ముక్కకు) ఒక ముఖం చదునుగా రావాలి, అంతే. ట్రై స్క్వేరు (మూలమట్టం) బ్లేడు ఆనించి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే సందులో వెలుగు ఎక్కడ కనిపిస్తుందో వాడే చూస్తాడు. చాలామందికి మధ్యలో ఉబ్బెత్తుగా వస్తుంది. ఎందుకో నీకు తెలుసు: స్ట్రోకు మొదట్లో ముందున్న ఎడమచేతి బరువు ఎక్కువ ఉండాలి, చివరికి వచ్చేసరికి పిడి పట్టుకున్న కుడిచేతిది ఎక్కువ కావాలి. ఆ మార్పు కుదరక ఫైలు ఊగుతుంది. అలాంటి పిల్లవాడికి 'సైజు తప్పింది, మళ్లీ చెయ్యి' అంటే ఇంకో ముక్క అలాగే పాడు చేస్తాడు. వాడి గురి చేతుల బరువు మీద పెట్టాలి. ఈ వారం నీకు సైజుతో పనిలేదు, అంచుల్లో వెలుగు పోవాలి అని చెప్పు. చదును వచ్చాక పక్క ముఖం దానికి లంబంగా రావడం. తర్వాత అర మిల్లీమీటరులో సైజు. ఆ తర్వాతే 0.25. తప్పు ఎక్కడ పుడుతోందో అక్కడ గురి పెట్టడమే ఇన్‌స్ట్రక్టరు నేర్పు. దీనికి నువ్వు బెంచీల మధ్య తిరగాలి. కుర్చీలో కూర్చుంటే కనపడదు.

ప్రతి ముక్క మీదా రోల్ నంబరు, తేదీ నంబర్ పంచ్‌తో కొట్టించి పెట్టెలో దాచమను. నోటుబుక్కులో ఆ రోజు అడిగిన కొలత, వచ్చిన కొలత, తేడా ఎందుకొచ్చిందో ఒక మాటలో రాయించు. బ్యాచ్‌లో ఎవరు ఫస్టు, ఎవరు లాస్టు అని గోడ మీద మాత్రం పెట్టకు. ఈ వయసులో స్నేహితుల ముందు చిన్నబోవడాన్ని మించిన టెన్షన్ ఉండదు. దాన్నుంచి తప్పించుకోవడానికి 50.30 వచ్చినదాన్ని 50.02 అని రాసేస్తారు. అలా రాసిన పిల్లవాడిని తిట్టే ముందు, నిజం రాస్తే మార్కులు పోతాయన్న భయం ఎక్కడ మొదలైందో చూడు. ఫార్మేటివ్ అసెస్‌మెంట్ మార్కులు (కోర్సు మధ్యలో వేసే మార్కులు) వేయక తప్పదు, కానీ ఏ జాబుకు మార్కులు, ఏది ప్రాక్టీసు అన్నది ముందే చెప్పేయి. ప్రాక్టీసు ముక్క మీద మార్కు ఉండదని నమ్మితే నిజం రాస్తారు.

గడియారం పని చివర్లో. పరీక్షలో టైము ఉంటుంది, ప్రాక్టికల్‌లో పాస్ కావాలంటే 60 శాతం రావాలి, అందుకని వేగం తప్పకుండా కావాలి. కానీ చదును, సైజు కుదరకముందే తొందరపెడితే తప్పు అలవాటు చేతిలో స్థిరపడిపోతుంది.

జాగ్రత్తల విషయంలోనూ ఇదే పద్ధతి. 'జాగ్రత్తగా ఉండు' అనకు. డ్రిల్లింగ్ మెషీను దగ్గర గ్లౌజులు వేసుకోకూడదు, డ్రిల్లు బిగించే చక్ కీ చక్‌లో వదలకూడదు, రజను బ్రష్షుతోనే తీయాలి. ఈ మూడూ చేశాడా లేదా అన్నది పక్కవాడు కూడా చూసి చెప్పగలడు.

ఆడపిల్లలు మన ట్రేడులో తక్కువగా ఉంటారు. వాళ్లకు 'నీకు ఇంత చాలులే' అని గురి తగ్గించేవాళ్లను నువ్వు చూశావు. నీ షాపులో అది జరగనివ్వవని నాకు తెలుసు.

పత్తి తీతలకో, మిర్చి కోతలకో ఇంట్లోవాళ్లతో వెళ్లి వారాలపాటు రాని పిల్లలుంటారు. తిరిగొచ్చినవాడిని బ్యాచ్ చేస్తున్న జాబు దగ్గర నిలబెడితే రెండు రోజుల్లో మానేస్తాడు. వాడి పెట్టెలోని ఆఖరి ముక్క తీయించు, అక్కడినుంచి మొదలుపెట్టు. ఇంటివాళ్లు వస్తే ఆ ముక్కలే వరసగా పేర్చి చూపించు. చదువు రాని తండ్రికి కూడా మొదటి ముక్కకూ ఆఖరి ముక్కకూ తేడా చేతికి తెలుస్తుంది.

ఇక పెద్ద లక్ష్యం. ఏమవుతావురా అంటే సగం మంది రైల్వేలో లోకో పైలట్ అంటారు. నవ్వకు, అలాగని ఊరికే తల ఊపకు కూడా. అసిస్టెంట్ లోకో పైలట్‌కు ఐటీఐ అర్హత సరిపోతుంది, కానీ కళ్లద్దాలు లేకుండా రెండు కళ్లకూ 6/6 చూపు ఉండాలి. మొదటి నెలలోనే కంటి పరీక్షకు పంపు. అద్దాలున్న పిల్లవాడికి టెక్నీషియన్ పోస్టుల సంగతి అప్పుడే చెబితే రెండేళ్లు దానికి తగ్గట్టు చదువుకుంటాడు. రాత పరీక్షలో లెక్కలు, రీజనింగ్, సైన్సుతో పాటు ట్రేడు ప్రశ్నలూ ఉంటాయి కాబట్టి వర్క్‌షాప్ లెక్కల క్లాసు ఎగ్గొట్టేవాడికి ఆ సంగతి గుర్తుచేయి.

ఇంకొందరు కోర్సు అవగానే పనిలో చేరిపోవాలంటారు. ఇంట్లో అవసరం అలాంటిది. పద్నాలుగేళ్లకే ఐటీఐలో చేర్చుకుంటారు గానీ, 18 నిండనివాళ్లను ప్రమాదకరమైన పరిశ్రమల్లో పెట్టకూడదని చట్టం. కాబట్టి ప్రతి పిల్లవాడి పుట్టినతేదీ చూసుకో. కోర్సు అయ్యేసరికి 17 ఉండేవాడితో ఆ మధ్యకాలం ఏం చేయాలో రెండో ఏడాది మొదట్లోనే మాట్లాడు. 18 నిండేవాళ్లతో అప్రెంటిస్‌షిప్ పోర్టల్లో పేరు నమోదు చేయించు. స్టయిపెండు వస్తుంది, చేతికి అసలైన జాబులు పడతాయి.

బ్యాచ్ రాకముందు ఒక పని చెయ్యి. స్టోర్‌లో ఉన్న వెర్నియర్లన్నీ తెప్పించి, దవడలు మూస్తే సున్నా సున్నాతో కలుస్తోందో లేదో ఒక్కొక్కటీ చూడు. కలవనివాటికి ఎంత తేడానో చీటీ అంటించు, మరీ పాడైనవి పక్కన పెట్టి కొత్తవి కావాలని ఇండెంటు రాసి పంపు. ఇండెంటు పాసవడానికి టైము పడుతుంది, అందుకని ఈ వారమే పంపేయి.

ఆశీస్సులతో,
మీ సార్