ట్రాలీతో ఘాట్ ఎక్కాలంటే ముందు తోడు మనిషిని చూసుకోండి

కొత్తగా ట్రాక్టరు కొన్నానని, వరిగడ్డి ట్రాలీతో కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్ ఎక్కడానికి ఎంత హార్స్‌పవర్ కావాలని అడిగారు. నాలుగు వరుసల రహదారి దాటాలంటే భయమనీ రాశారు. హార్స్‌పవర్ సంగతి తర్వాత. మీ పక్కన తోడు మనిషి ఎవరో ముందు తేల్చుకోండి.

మాది రాయచోటి వైపు మెట్ట ఊరు. కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద వరి కోతలు కాగానే పశువులకు గడ్డి కొని తెచ్చుకోవడం మాకు మామూలు. ఒకసారి మా పెద్దనాన్న ట్రాక్టరు నడుపుతుంటే నేను చేతిలో రాయి పట్టుకుని ట్రాలీ పక్కన నడుస్తున్నాను. మా ముందు ఇంకో గడ్డి ట్రాక్టరు వెళ్తోంది. మలుపు దగ్గర దాని ముందు చక్రాలు రెండూ జానెడు ఎత్తు గాలిలోకి లేచాయి. డ్రైవరు స్టీరింగ్ తిప్పుతున్నాడు, బండి మాత్రం తిన్నగా లోయ వైపే పోతోంది. "క్లచ్ తొక్కు నాయనా, క్లచ్!" అని పెద్దనాన్న అరిచాడు. అతను తొక్కగానే చక్రాలు దబ్బున నేలకు దిగాయి. ఆ వెంటనే బండి మొత్తం వెనక్కి జారడం మొదలైంది. నేను పక్క నుంచి పరిగెత్తి ట్రాలీ చక్రం కింద రాయి తోశాను. అది తారు మీద కీచుమంటూ అడుగు దూరం జరిగి, అప్పుడు నిలబడింది. ఆ డ్రైవరు ఒంటరిగా వచ్చాడు. ఇంజనులో ఎంత బలముంటే మాత్రం ఏం లాభం? బలం ఎక్కువైతే ఆ చక్రాలు ఇంకా ముందే లేచేవి.

గడ్డిని ట్రాలీలో ముందు వైపుకే పేర్చడం వల్ల వచ్చిన తంటా అది. బరువంతా ట్రాలీని ట్రాక్టరుకు తగిలించే కొక్కెం మీద పడితే ట్రాక్టరు ముందు భాగం తేలిపోతుంది. మరీ వెనక్కి పేరిస్తే కొక్కెం పైకి ఎగదన్ని పెద్ద చక్రాలకు పట్టు పోతుంది. బరువు ఇరుసు మీద పడి, ముందుకు కొద్దిగా మొగ్గితే చాలు. లో గేరు ఎక్కుడు మొదలుకాక ముందే వేసుకోవాలి, మధ్యలో మార్చకూడదు. దిగేటప్పుడూ అదే గేరు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పెద్ద చక్రాలకు విడివిడిగా ఉండే రెండు బ్రేకులను కలిపే గొళ్ళెం పొలం దాటగానే వేసి తీరాలి. లేకపోతే ఒక చక్రమే ఆగి బండి పక్కకు లాగేస్తుంది.

ఇంకో మాట. చక్రం కింద పెట్టిన రాయిని రోడ్డు మీదే వదిలేసి పోవడం మహాపాపం. రాత్రి అదే దారిలో మోటారు సైకిల్ మీద వచ్చేవాడికి అది కనిపిస్తుందా?

ఇక రహదారి. అనంతపురం, కర్నూలు వైపు 44వ నంబరు జాతీయ రహదారి దాటే రైతులకూ ఇదే లెక్క. ట్రాక్టరు, ట్రాలీ కలిపి ఇంచుమించు 8 మీటర్లు, ఒక వైపు రెండు వరుసలు 7 మీటర్లు. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో కదిలితే ట్రాలీ తోక ఆ ఒక్క వైపు దాటేసరికే 11 సెకన్లు పడుతుంది. 100 వేగంతో వచ్చే కారు ఆలోపు 300 మీటర్లు వచ్చేస్తుంది. సగం దాటి డివైడరు సందులో ఆగుదామంటే ట్రాలీ వెనక భాగం రోడ్డు మీదే ఉండిపోతుంది. అందుకే తోడు మనిషి ముందు దిగి డివైడరు దగ్గర నిలబడి, రెండు వైపులా ఖాళీ ఉందని చెయ్యి ఊపాకే కదలండి. ఏటవాలుగా కాదు, అడ్డంగా, తిన్నగా దాటండి.

అతని కేక మీకు వినిపించాలంటే ఆ పాటల పెట్టెలు ఆపేయాలి. మడ్‌గార్డుల మీద పిల్లల్ని ఎక్కించుకోవద్దు. వేలాడే గడ్డి ట్రాలీ వెనక ఎర్ర రిఫ్లెక్టర్లను కప్పేస్తుంది కాబట్టి చీకటి పడితే ప్రయాణం తెల్లవారికి వాయిదా వేసుకోండి.